పాత ఒక రోతేనా?

కొత్త హెడ్‌మాస్టరు రాగానే టైంటేబుల్ మారుతుంది. కొత్త మేనేజరు వస్తే కుర్చీలు, బీరువాలు చోట్లు మారతాయి. ఇవి మనకు అలవాటే. కానీ కొత్త కోచ్ వచ్చీ రాగానే జట్టులో పిల్లల్నే మార్చేయడం ఎక్కడైనా విన్నారా? అమెరికాలో, కొలరాడో యూనివర్సిటీలో జరిగింది. 2023 నాటి ఆ సీజన్ గురించి ఆటల పేజీల వాళ్ళు చాలానే రాశారు. నాకైతే అది ఆడవాళ్ళం కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి అనిపిస్తుంది.

ముందు ఒక మాట. వాళ్ళ ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తాలి, అవతలివాళ్ళు మీదపడి కూలదోస్తారు. కాలేజీ జట్ల ఆట ఉందంటే శనివారం ఊరంతా తిరనాళ్ళే.

2022లో కొలరాడో 12 ఆటలాడి ఒకే ఒక్కటి గెలిచింది. ఆ డిసెంబరులో డియాన్ శాండర్స్‌ను కోచ్‌గా తెచ్చుకున్నారు. ఒకప్పుడు మోతెక్కిపోయిన ఆటగాడాయన. ఐదేళ్ళకు 2 కోట్ల 95 లక్షల డాలర్లు ఒప్పందం. అంత సొమ్ము ఇంకా చేతిలో లేదు, వస్తుందన్న నమ్మకముంది అని క్రీడా విభాగం పెద్దాయనే చెప్పేశాడు! చీటీ పాడకముందే గాజులకు ఆర్డరిచ్చినట్టు లేదూ? (ఆయన ధైర్యమే గెలిచిందనుకోండి. ఆ ఏడాది సొంతూళ్ళో ఆడిన ఆటలన్నిటికీ టిక్కెట్లు అయిపోయాయి.)

మొదటిరోజే పాత ఆటగాళ్ళను కూర్చోబెట్టి, కెమెరా తిరుగుతుండగా, ఆయన చెప్పిన మాట ఇదీ: నా సామాను నేను తెచ్చుకుంటున్నాను, అదీ లూయీ విటాన్ సరుకు, మీరు వేరే చోటు చూసుకుంటే నాకు జాగా దొరుకుతుంది. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లలండీ వాళ్ళు! యాభై మందికి పైగా వెళ్ళిపోయారు. స్కాలర్‌షిప్ మీద ఆడే పాతవాళ్ళలో మిగిలింది పదిమంది దాకా. కొత్త కోచ్ ఆటగాణ్ణి తప్పించినా, ఆ పిల్లవాడు అక్కడే చదువుకుంటానంటే కాలేజీ స్కాలర్‌షిప్ ఇవ్వాల్సిందే, అలాంటి నిబంధన ఉంది. కాదనను. కానీ ఆట కోసమే ఆ ఊరు వచ్చిన పిల్లాడు, రోజూ ఆ మైదానం పక్కనుంచే క్లాసుకి వెళ్ళాలంటే ఎలా ఉంటుంది? మన ఇంటర్ కాలేజీల్లో మార్కులు తగ్గాయని సెక్షన్ మార్చినప్పుడు పిల్లలు రెండ్రోజులు అన్నం మానేయడం చూడలేదూ!

కొత్తవాళ్ళతో ఆట మొదలైంది. సెప్టెంబరులో మొదటి ఆటలోనే, అంతకుముందు సీజన్లో రన్నరప్ అయిన టెక్సస్ క్రిస్టియన్‌ను 45-42తో ఓడించారు. కోచ్ కొడుకు షెడూర్ 510 గజాల దూరం బంతి విసిరి కాలేజీ రికార్డు కొట్టాడు. తరువాత నెబ్రాస్కా, ఆపైన పొరుగునే ఉన్న కొలరాడో స్టేట్. మూడుకి మూడు! దేశమంతా ఊగిపోయింది.

ఆ మూడో ఆటకి ముందు జరిగిన ముచ్చట చెప్పాలి. అవతలి కోచ్ ఊరుకోకుండా, పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు నేను టోపీ, కళ్ళద్దాలు తీస్తాను, మా అమ్మ నేర్పింది అన్నాడు. శాండర్స్ ఎప్పుడూ నల్లకళ్ళద్దాల్లోనే ఉంటాడు మరి. ఆయన తన జట్టుకంతా నల్లకళ్ళద్దాలు పంచిపెట్టాడు. మగవాళ్ళ పంతాలకి అమ్మల పెంపకం సాక్ష్యం! ఆ ఆటలోనే ట్రావిస్ హంటర్ అనే మెరికలాంటి కుర్రాడికి కాలేయం చీలే దెబ్బ తగిలింది. కొట్టిన పిల్లవాడికీ వాళ్ళింట్లోవాళ్ళకీ చంపుతామని బెదిరింపులు వచ్చాయి. శాండర్స్ వెంటనే, అది తప్పు, ఆ పిల్లవాణ్ణి వదిలేయండి అని అందరికీ చెప్పాడు. అక్కడ మాత్రం ఆయనకు దండం పెట్టాలి. తరువాత ఆ ఇద్దరు కుర్రాళ్ళూ కలిసి బౌలింగ్ ఆటకి వెళ్ళారు. పెద్దవాళ్ళ కంటే పిల్లలే నయం.

నాలుగో ఆటలో ఒరెగన్ 42-6తో నేలకు దించింది. స్టాన్‌ఫర్డ్ మీదైతే సగం ఆటకి 29-0తో ముందుండి, చివరికి 46-43తో ఓడిపోయారు. ఆఖరి ఆరు ఆటలూ ఓటమే. మొత్తం నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములు. బంతి విసిరేవాడికి అడ్డుగోడగా నిలబడే వరస బలంగా లేక షెడూర్‌ని ఏడాది మొత్తంలో 52 సార్లు పడగొట్టారు. వెన్నెముకలో చిట్లు వచ్చి చివరి ఆట ఆడలేకపోయాడు. నా ఉద్దేశంలో తారల్ని ఒక్క సీజన్లో తెచ్చుకోవచ్చుగాని, ఒకరికోసం ఒకరు దెబ్బ కాసే అలవాటు అంత తొందరగా రాదు. కొత్తగా కలిసిన తోడికోడళ్ళ మధ్య సర్దుబాటుకైనా రెండు పండగలు గడవాలి కదా.

ఒకటి నుంచి నాలుగుకి ఎదగలేదా అంటారు. ఎదిగింది. 2024లో తొమ్మిది గెలిచారు, హంటర్‌కి హైజ్‌మన్ ట్రోఫీ వచ్చింది. వాళ్ళిద్దరూ వెళ్ళిపోయాక 2025లో మళ్ళీ మూడుకి దిగారు. ఆ మూడేళ్ళ లెక్క ఎవరికి తోచినట్టు వాళ్ళు వేసుకోవచ్చు. నాకు మాత్రం ఆ మొదటిరోజు గదిలో కూర్చున్న పిల్లలే గుర్తొస్తారు, ఇంటికి ఫోన్ చేసి అమ్మకేం చెప్పారో అని.

2025 ఏప్రిల్‌లో వృత్తి జట్ల వాళ్ళు ఆటగాళ్ళను ఎంచుకున్నారు. మొదటిరోజే పిలుస్తారనుకున్న షెడూర్‌ని ఆ రోజూ పిలవలేదు, మర్నాడూ పిలవలేదు. మధ్యలో ఎవరో ఆకతాయి ఫోన్ చేసి, నిన్ను తీసుకున్నామని ఆటపట్టించాడు కూడా. మూడోరోజు క్లీవ్‌లాండ్ వాళ్ళు పిలిచేసరికి అతనికంటే ముందు 143 పేర్లు చదివేశారు.