అధిష్ఠానమును మరచిన గృహము

అధిష్ఠానమనే పదం శిల్పశాస్త్రంలోనూ ఉంది, వేదాంతంలోనూ ఉంది. దేవాలయపు గోడలను భరించే పీఠబంధాన్ని స్థపతులు అధిష్ఠానమన్నారు. రజ్జువునందు సర్పం వలె దేనియందు ఈ నామరూప జగత్తు భాసిస్తున్నదో, ఆ సద్వస్తువును వేదాంతులు అధిష్ఠానమన్నారు. ఉభయత్రా అది భరించేదే. చూపరుల దృష్టి మాత్రం పైనున్న రూపం మీదనే నిలుస్తుంది.

నేటి గృహనిర్మాణంలో ఈ దృష్టిదోషం స్పష్టంగా గోచరిస్తుంది. టెక్కలి, పలాస పట్టణాలలోను, ఉద్దానం పల్లెలలోను నూతన గృహం తలపెట్టినవారి ప్రథమ ప్రశ్న "ఎలివేషన్ ఎలా ఉండాలి?" అన్నదే. అద్దాల ముఖభాగం, ఆధారం లేక ముందుకు చొచ్చుకొచ్చిన స్లాబులు, ఫాల్స్ సీలింగు వెలుగులు: వీటికై దీర్ఘచర్చ. పునాది లోతును, చువ్వల నాణ్యతను మేస్త్రికి వదిలివేస్తారు.

ఈ తీరంలో అది చిన్న ఉపేక్ష కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 కిలోమీటర్లకు పైబడి వీచింది. ఉద్యానవనమే ఉద్దానమైనదని చెప్పుకునే ఈ సీమలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అటువంటి గాలి ముందుకు చాచిన కప్పును క్రిందినుండి పైకెత్తుతుంది. ఉప్పుగాలి సంగతి వేరు. అది తొందరపడదు. చువ్వపై కాంక్రీటు కవరింగు చాలకపోతే ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, స్లాబు లోపలినుండి పగులుతుంది. పైపూత ఎంత మనోహరమైనా ఈ క్షయాన్ని ఆపలేదు, కొంతకాలం దాచగలదంతే.

పూర్వులకు రుచి లేదా? ఉన్నది. ఉత్తరాంధ్ర చుట్టిల్లు వర్తులాకృతి కన్నుకు ఇంపు; మూలలు లేని ఆ గోడను గాలి చుట్టుకొని సాగిపోతుంది. మండువా లోగిలి నడుమ ఆకాశానికి తెరచిన బ్రహ్మస్థానం ఇంటికి వెలుగు, గాలి ప్రసాదించేది. వీధి అరుగు అతిథికి ఆసనం. పూరికప్పు తుపానుకు లేచిపోతుంది, నిప్పుకు భయపడుతుంది. కనుక మళ్ళీ పూరిళ్ళే కట్టుకొమ్మని నా వాదం కాదు. అక్కడ సౌందర్యం ప్రయోజనం నుండి పుట్టింది. నేడు ప్రయోజనాన్ని సౌందర్యానికి బలిపెడుతున్నాము. ఇదే నా అభ్యంతరం.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత సర్పాన్ని గురువుగా స్వీకరించి, ఇల్లు కట్టుకొనుటే దుఃఖహేతువని గ్రహించాడు కదా, ముముక్షువుకు ఈ చర్చ ఏల అని కొందరడుగవచ్చు. అది సన్న్యాసికి చెల్లిన పాఠం. గృహస్థు సర్వాశ్రమాలకు ఆశ్రయం. తుపాను రాత్రి పూరింటివారు ప్రక్క మేడనే శరణు వేడుతారు. ఆ మేడ దృఢంగా లేకపోతే యజమాని ధనమే కాదు, ధర్మమూ భంగపడుతుంది. రుచిని త్యజించనక్కరలేదు, దానికి అగ్రాసనం ఇవ్వరాదు. పదిమంది మెప్పుకై అప్పుచేసి అతికించిన అలంకారం రాగమే గాని రసం కాదు.

టెక్కలి చెంతనే రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి మహాలింగం ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ కప్పులేకయే వెలసియున్నది. ఈశ్వరునికి గృహం అక్కరలేదు, ఆయనే సర్వాధిష్ఠానం. మనకు అక్కర ఉన్నది, దేహానికి రక్షణ కావాలి గనుక. ఆ అక్కర ఎంతవరకో గుర్తెరిగి కట్టినవానికి ఇల్లు సాధనస్థలమవుతుంది.

కావున ఇల్లు తలపెట్టిన ఆస్తికులకు నా మనవి: మొదటి రూపాయి పునాదికి, స్తంభాలకు, కప్పుకు, పిదప వెలుతురుకు, గాలికి, అటుపై అతిథి కూర్చొనే అరుగుకు. శేషించినదే అలంకారానికి. శేషించకపోయినా లోపం లేదు. సున్నం పూసిన గోడ ముందు పెట్టిన దీపం కూడా దీపమే.