రీడింగ్ చూపించాకే కన్వర్టర్ మార్చమందాం

మునగపాక నుంచి అనకాపల్లి మార్కెట్‌కు బెల్లం దిమ్మలు చేరాలన్నా, తెల్లారేసరికి కూరగాయలు రైతుబజారులో దిగాలన్నా ఇప్పుడు మినీ వ్యానే దిక్కు. నాటు బండి చక్రం విరిగితే ఊరి వడ్రంగి మన కళ్లెదుటే బాగుచేసేవాడు. వ్యాను డాష్‌బోర్డు మీద ఇంజన్ గుర్తు వెలిగితే మాత్రం లోపమేమిటో మనకు కనిపించదు. "కన్వర్టర్ పోయింది, కొత్తది వేయాలి" అంటే తలూపి వేల రూపాయల బిల్లు కడుతున్నాం. పరీక్ష చూపించకుండా చెప్పే ఆ మాటను ఇకపై ఒప్పుకోకూడదు.

క్యాటలిటిక్ కన్వర్టర్ సైలెన్సర్ గొట్టంలో ఉండే డబ్బా. లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. విషవాయువుల తీవ్రతను అది తగ్గిస్తుంది. ఆ లోహాల వల్లే దాని ధర ఎక్కువ. పాతదానికీ విలువ ఉంటుంది కాబట్టి దాన్ని షెడ్డులో ఊరికే వదిలి రాకూడదు.

అది పనిచేస్తోందో లేదో స్కానర్‌తో తెలుసుకోవచ్చు. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే చాలు. పెట్రోలు, సీఎన్‌జీ బండ్లలో కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సార్లు ఉంటాయి. ఇంజన్ బాగా వేడెక్కాక చాలా బండ్లలో ముందు సెన్సార్ రీడింగ్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య గబగబా పైకీ కిందకీ ఊగుతుంది. కన్వర్టర్ బాగుంటే వెనక సెన్సార్ రీడింగ్ పెద్దగా కదలదు. వెనకది కూడా ముందుదానిలాగే ఊగుతుంటే అప్పుడు కన్వర్టర్‌ను అనుమానించాలి. కొన్ని కొత్త బండ్లలో ముందు సెన్సార్ వేరే రకం ఉంటుంది. వాటికి కంపెనీ ఇచ్చిన లెక్క ప్రకారం చూడాలి.

స్కానర్‌లో పి0420 కోడ్ వచ్చినంత మాత్రాన కన్వర్టర్ పోయినట్టు కాదు. సైలెన్సర్ గొట్టానికి చిల్లు పడినా, సెన్సార్ పాడైనా ఆ కోడే రావచ్చు. ప్లగ్ మిస్సవుతున్నా, ఇంజన్ ఆయిల్ తాగుతున్నా కన్వర్టర్ దెబ్బతింటుంది. ఆ మూలకారణం సరిచేయకుండా కొత్తది వేస్తే కొన్నాళ్లకు అదీ పోతుంది. రైతు రెండోసారి కూడా కట్టాలి.

ఇది వ్యాన్లతో ఆగేది కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వాహనాలకు బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. వాటిలో చాలావాటికి పొగను శుద్ధిచేసే పరికరాలు, ఎలక్ట్రానిక్ కంట్రోలు ఉన్నాయి. గాలి శుభ్రపడటానికి మనం వ్యతిరేకం కాదు. ఆ పొగను ముందుగా పీల్చేది మనమే, మన పిల్లలే. కానీ మన డబ్బుతో కొన్న యంత్రం లోపాన్ని చదివే తాళంచెవి కంపెనీ చేతిలోనే ఉండటాన్ని వ్యతిరేకిస్తున్నాం. దమ్ము రోజుల్లో ట్రాక్టర్ షోరూం దగ్గర నిలిచిపోతే ఆ అదును మళ్లీ రాదు.

సొంత వస్తువును బాగుచేయించుకునే హక్కుపై కేంద్రం 2022 జూలైలో కమిటీ వేసింది. ఆ కమిటీ ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు, వాహనాలు రెండూ ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా ప్రారంభించారు. పోర్టల్‌తో సరిపెట్టకుండా కంపెనీలు రిపేరు సమాచారాన్ని ఊరి మెకానిక్‌కూ ఇచ్చి తీరేలా చట్టం తేవాలి. ప్రతి మండలంలో ఒక రైతు సేవా కేంద్రంలోనైనా స్కానర్ ఉంచాలి. మన షెడ్డుల కుర్రాళ్లకు ఐటీఐలలో ఉచిత శిక్షణ ఇవ్వాలి.

అంతవరకు మనం చేయగలిగింది మనం చేద్దాం. పార్టు మార్చే ముందు స్కానర్ రీడింగ్ చూపించమని అడుగుదాం, దాన్ని ఫోనులో ఫొటో తీసుకుందాం. వారంటీ కాగితం చూద్దాం. పాత పార్టు, బిల్లు రెండూ తీసుకుందాం. మోసం జరిగిందనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేద్దాం. సంఘం గ్రామ కమిటీకీ చెబుదాం. ఒక్కడు అడిగితే విసుక్కునే చోట పదిమంది అడిగితే చూపించక తప్పదు.