దోమల లెక్క సరే, మిణుగురుల లెక్కేది?

తొలకరి పడిన సాయంత్రం పల్లెటూరి ఇళ్లలో ఒక పని తప్పేది కాదు. దీపాలన్నీ ఆర్పేసి, వసారాలో ఒక్క బల్బు మాత్రం ఉంచి, దాని కింద వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి పెట్టేవారు. పుట్టల్లోంచి లేచిన ఉసిళ్లు ఆ వెలుగు చుట్టూ ముసురుకుని, తిరిగి తిరిగి నీళ్లలో పడేవి. వాటి ఉధృతి తగ్గేదాకా కంచం ముందు కూర్చునే వీలుండేది కాదు. తెల్లారి వాకిలి ఊడిస్తే చీపురు నిండా రెక్కలే. వాటిని పట్టి, వేయించుకుని తినే ఇళ్లూ ఉండేవి. ఇప్పుడు యాభై దాటిన ఎవరిని కదిలించినా ‘ఉసిళ్లు మునుపటిలా రావడం లేదండీ’ అంటారు. ఆ వెంటే మిణుగురులు, ఆరుద్ర పురుగులు, తుమ్మచెట్టు మీది జీరంగులు వరసగా గుర్తుకొస్తాయి. అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి జీరంగిని పెంచిన సంగతి చెప్పి, చివరికి ‘దోమలు మాత్రం బాగా పెరిగాయి’ అని తేల్చేస్తారు.

ఈ మాటల్ని పెద్దవాళ్ల చాదస్తమని తీసిపారేయడం తేలికే. చిన్నప్పుడు తిన్న మామిడిపండు ఎవరికైనా ఇప్పటి పండుకంటే తియ్యగానే ఉంటుంది. జ్ఞాపకం ఎక్కువ చేసి చూపిస్తుందన్నది నిజమే. అయితే దీనికి ఎదురు పొరపాటు మరొకటి ఉంది, దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. సముద్రంలో చేపల నిల్వలను పరిశీలించిన డేనియల్ పౌలీ 1995లో దాన్ని పట్టి చూపాడు. ప్రతి తరం శాస్త్రవేత్తా తాను ఉద్యోగంలో చేరిననాటి చేపల సంఖ్యనే మామూలు సంఖ్యగా తీసుకుంటాడనీ, అంతకుముందు జరిగిన నష్టం అతని లెక్కలోకే రాదనీ అన్నాడు. హైదరాబాద్ శివారులో అపార్ట్‌మెంట్ ఎనిమిదో అంతస్తులో పెరిగే పిల్లవాడికి మిణుగురులు లేని రాత్రే మామూలు రాత్రి. వాడిని అడిగితే ఏదీ తగ్గలేదనే చెబుతాడు.

కాబట్టి చూసిందీ, గుర్తున్నదీ ఆధారంగా నిలవాలంటే ఎవరో ఒకరు కాగితం మీద పెట్టి ఉండాలి. జర్మనీలోని క్రెఫెల్డ్ పట్టణంలో 1905లో పుట్టిన కీటక ప్రియుల సంఘం ఆ పని చేసింది. సభ్యుల్లో చాలామంది వేరే కొలువులు చేసుకుంటూ తీరిక వేళల్లో పురుగుల వెంట తిరిగేవారే. 1989 నుంచి వాళ్లు రక్షిత ప్రాంతాల్లో గుడారం లాంటి వలలు ఒకే కొలతతో, ఒకే పద్ధతిలో కట్టారు. ఎగిరొచ్చిన పురుగు వల గోడకు తగులుతుంది, పైకి పాకుతుంది, కొసన కట్టిన ఆల్కహాల్ సీసాలో పడుతుంది. పంటకు చేటు చేసేదా కాదా, పేరు తెలిసిందా లేదా అని చూడకుండా పడ్డవాటినన్నిటినీ దాచి, తూచి, రాసి పెట్టారు. 63 చోట్ల 27 ఏళ్లపాటు సేకరించిన ఈ తూకాలను 2017లో ప్రకటించినప్పుడు ప్రపంచం ఉలిక్కిపడింది. ఎగిరే కీటకాల మొత్తం బరువు 76 శాతం పడిపోయింది. నడివేసవిలో అయితే 82 శాతం. ఇదంతా మందు కొట్టే చేలలో కాదు, ప్రకృతి రక్షణకని కేటాయించిన చోట్ల! చాలా చోట్ల ఏటేటా కాకుండా ఏదో ఒక ఏడాదే వల కట్టారన్న విమర్శ వచ్చింది. అది సబబైన విమర్శే. అయినా తగ్గుదల లేదని మాత్రం ఎవరూ చూపలేకపోయారు.

కారు అద్దం సంగతీ ఇలాంటిదే. రాత్రంతా హైవే మీద ప్రయాణం చేసి, తెల్లారి డాబా దగ్గర ఆగి, నీళ్లు కొట్టి పాత న్యూస్‌పేపర్‌తో ముందు అద్దం రుద్దిన అనుభవం పాత డ్రైవర్లకు బాగా తెలుసు. వైపర్ వేస్తే పురుగుల జిగురు మరింత పులుముకుని దారే కనిపించేది కాదు. ఇప్పుడు ఆ బాధ చాలా తగ్గిందని వాళ్లే అంటారు. డెన్మార్క్‌లో ఆండర్స్ మోలర్ అనే పరిశోధకుడు 1997 నుంచి 2017 వరకు ఒకే రెండు దారుల్లో కారు నడుపుతూ అద్దానికి తగిలిన పురుగులను లెక్కపెట్టాడు. ఒక దారిలో 80 శాతం, ఇంకో దారిలో 97 శాతం తగ్గాయి. బ్రిటన్‌లో పక్షుల సంరక్షణ సంఘం 2004లో దాదాపు 40 వేల మంది వాహనదారుల చేత నంబర్ ప్లేటు మీది మరకలు లెక్కపెట్టించింది. అప్పుడు సగటున అయిదు మైళ్లకు ఒక పురుగు తగిలింది. అదే పద్ధతిలో 2021లో మళ్లీ లెక్కపెడితే దాదాపు 60 శాతం తక్కువ తేలింది. కార్ల ఆకారం మారింది కాబట్టి పురుగులు పక్కకు జారిపోతున్నాయనే వాదనకు నంబర్ ప్లేటు మంచి జవాబు. అప్పుడూ ఇప్పుడూ అది ముందు వైపు నిటారుగా నిలబడే పలకే.

అన్ని ఆనవాళ్లూ ఇంత నమ్మదగినవి కావు. మొదట చెప్పుకున్న ఉసిళ్లనే తీసుకుంటే, పాత ట్యూబ్‌లైట్లు, పాదరసం ఆవిరి దీపాలు మన కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని కొంత వదిలేవి. పురుగులను లాగేది ముఖ్యంగా అదే. ఎల్ఈడీల్లో ఆ కాంతి దాదాపు ఉండదు. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖపట్నం తన వీధి దీపాలను పెద్దఎత్తున ఎల్ఈడీలకు మార్చుకుంది. తర్వాత ఊరూరా అదే జరిగింది. ఇలాంటప్పుడు దీపం దగ్గర పురుగు తగ్గిందంటే ఊళ్లోనే తగ్గిందని చెప్పలేం, దీపం పిలవడం మానేసి ఉండొచ్చు. అలాగని ఎల్ఈడీ నిర్దోషి అనుకోవడానికీ లేదు. ఇంగ్లండ్‌లో 2021లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం వీధి దీపాల వెలుగు పడే కంచెపొదల్లో రెక్కపురుగుల గొంగళి పురుగులు చీకటి పొదల్లో కంటే దాదాపు సగం తక్కువ. తెల్లటి ఎల్ఈడీల కింద నష్టం ఇంకా ఎక్కువ.

అసలు అన్ని పురుగులూ ఒక్క తీరున తగ్గడం లేదు. 2020లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన విశ్లేషణ 166 దీర్ఘకాల పరిశీలనలను కలిపి చూసింది. నేల మీది కీటకాలు దశాబ్దానికి సుమారు 9 శాతం చొప్పున తగ్గుతుంటే, మంచినీటి కీటకాలు సుమారు 11 శాతం చొప్పున పెరుగుతున్నాయని తేలింది. పాశ్చాత్య దేశాల్లో నదులు కాస్త శుభ్రపడటం అందుకు ఒక కారణం కావచ్చన్నారు. ఆ పరిశీలనల్లో అత్యధికం యూరప్, ఉత్తర అమెరికాలవే. అక్కడి అంకెలను తెచ్చి కృష్ణా డెల్టాకు అతికించడం సరికాదు.

మన దగ్గరి ఆధారాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. ఆంధ్రప్రదేశ్‌లోని బర్రంకుల అనే ఊరి మిణుగురుల మీద 2020లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. 1996లో కొద్దిపాటి జాగాలోనే 500కు పైగా కనిపించిన మిణుగురులు 2019 నాటికి అంతే జాగాలో పదీ ఇరవైకి వచ్చాయని అది చెబుతోంది. ఒక ఊరు, ఒక జాతి, రెండు కాలాల పోలిక. రాష్ట్రమంతటికీ వర్తింపజేయడానికి ఇది చాలదు, విస్మరించడానికీ వీలుకాదు. మిణుగురు పిల్లపురుగు దశ తడి నేల మీద, నత్తలను, వానపాములను తింటూ గడుస్తుంది. పెద్దయ్యాక జత కోసం వెలుగుతో సైగ చేసుకోవాలంటే చీకటి కావాలి. గట్ల మీద కలుపు మందు, చేను పక్కన ఫ్లడ్‌లైటు రెండూ ఉన్నచోట దానికి బతుకు లేదు.

మరో ఆధారం పరోక్షమైనది. దసరా నాడు జమ్మి పూజకు వెళ్తూ పాలపిట్టను చూడటం తెలంగాణలో శుభం. ఆ రాష్ట్రానికి అది రాష్ట్ర పక్షి కూడా. తీగ మీద కూర్చుని మిడతల కోసం, పేడపురుగుల కోసం కాచుకుని ఉండే పక్షి అది. 2023 నాటి ‘భారత పక్షుల స్థితి’ నివేదిక ప్రకారం దేశంలో పాలపిట్టలు ఇటీవలి పుష్కర కాలంలో దాదాపు 30 శాతం తగ్గాయి. దీర్ఘకాలిక ధోరణి తెలిసిన 338 పక్షి జాతుల్లో 60 శాతం తగ్గుముఖంలో ఉన్నాయని ఆ నివేదికే చెప్పింది. ఒక్క పురుగుల కొరతకే ఇదంతా అంటగట్టలేం. బీళ్లు పోవడం, చెట్లు కొట్టేయడం, విషాలు అన్నీ ఉన్నాయి. కానీ పక్షులకు వేలమంది ఔత్సాహికులు రాసిన లెక్క ఉంది కాబట్టే ఈమాత్రమైనా తెలిసింది. పక్షి తినే పురుగుకు ఆ లెక్క లేదు. ఆరుద్ర కార్తెలో ఎర్రటి మఖమల్ గుండీలా నేల మీదికొచ్చే ఆరుద్ర పురుగు గతి ఏమిటో చెప్పే అంకె ఒక్కటీ లేదు. శాస్త్రం ప్రకారం అది కీటకమే కాదు, ఎనిమిది కాళ్లతో సాలీడుకు దగ్గరి చుట్టం. పురుగుల లెక్క మొదలైనా దానికి చోటు దక్కుతుందో లేదో!

మనకు లెక్క బాగా తెలిసిన పురుగులు వేరే ఉన్నాయి. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తిని తెల్లదోమ ముంచేసింది, అప్పుల పాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2018లో కత్తెర పురుగు దేశంలోకొచ్చి చూస్తుండగానే మొక్కజొన్న చేలల్లో పడింది. 2021-22లో నల్ల తామర పురుగు గుంటూరు నుంచి ఖమ్మం దాకా మిరప పూతను రాల్చేసింది. ఇలాంటి ఏడు గడిపిన రైతు దగ్గరికెళ్లి ‘పురుగులు అంతరించిపోతున్నాయి’ అంటే నవ్వి ఊరుకోడు, కోప్పడతాడు. అతని కోపం న్యాయమైనదే. అతనికి చెప్పాల్సిన సంగతి కూడా అక్కడే ఉంది. మందు కొట్టినప్పుడు ముందుగా పోయేవి అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్లు. తిరిగి కోలుకోవడానికి వాటికి ఎక్కువ కాలం పడుతుంది. దోమపోటు లాంటివి ఈలోపు మందుకు అలవాటుపడి, తినేవాడు లేని చేలో ఇబ్బడిముబ్బడిగా పెరుగుతాయి. ఈ పాఠం కొత్తదేమీ కాదు. వరిలో సుడిదోమ అదుపు తప్పిందని గ్రహించిన ఇండోనేసియా 1986లోనే వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. శత్రువు పెరగడం, మిత్రుడు తగ్గడం ఒకే కథలోని రెండు ఘట్టాలు. మనం మొదటిదాన్నే పేపర్లో చదువుతున్నాం.

మిత్ర పురుగు లేని లోటు ఎలా ఉంటుందో పొద్దుతిరుగుడు చేలో చూడొచ్చు. తేనెటీగలు చాలినన్ని రాకపోతే పువ్వు మధ్యలో గింజ పట్టదు, తాలు మిగులుతుంది. అందుకే పూత సమయంలో ఉదయం పూట పలుచటి మెత్తని గుడ్డ చేతికి చుట్టుకుని ఒక పువ్వు మీద, ఆ తర్వాత పక్క పువ్వు మీద మెల్లగా రుద్దుతూ పోవాలని వ్యవసాయాధికారులు సలహా ఇస్తారు. ఎకరం చేనులో ఎన్ని వేల పువ్వులుంటాయో, కూలి ఎంతవుతుందో రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయిల్‌పామ్ కథ దీనికి తిరగేసినట్టుంటుంది. మలేసియాలో ఒకప్పుడు కూలీలను పెట్టి గెలలకు పుప్పొడి చల్లించేవారు. 1981లో కామెరూన్ నుంచి ఒక చిన్న ముక్కుపురుగును తెచ్చి వదిలాక ఆ అవసరమే తీరిపోయింది. తర్వాత మన దేశానికీ దాన్ని తెచ్చారు. ఉమ్మడి పశ్చిమ గోదావరి తోటల్లో ఈరోజు గెల నిండుతున్నదంటే ఆ పురుగు చలవే. నూనె ధరలు, దిగుమతి సుంకం మీద జరిగే చర్చల్లో దాని పేరు ఎక్కడా వినపడదు.

పోయినవి తిరిగి రావా అంటే, వస్తాయనడానికి దాఖలా ఉంది. పాల్వంచ మండలంలోని పునుకుల గ్రామ రైతులు పత్తి, మిరప మీద మందుల ఖర్చు భరించలేక 2000 దశకం తొలి ఏళ్లలో రసాయనాలు మానేశారు. వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, చుట్టూ ఆముదం, బంతి లాంటి ఎర పంటలతో నెట్టుకొచ్చి, ఊరు మొత్తం పురుగుమందుల్లేని గ్రామంగా ప్రకటించుకున్నారు. ఆ దారి తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ కార్యక్రమమైంది, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యంగా నడుస్తోంది. ఎన్ని ఎకరాలు, ఎంత దిగుబడి, ఎంత ఆదా అన్న లెక్కలు వీటి చుట్టూ బోలెడు. ఆ చేలలో ఎన్ని పురుగులు తిరిగొచ్చాయో కూడా ఏటా తూచి ఉంటే ప్రపంచానికే పనికొచ్చే సమాచారం అయ్యేది.

అలా తూచే ఏర్పాటు మనకు కొత్తగా కట్టుకోవాల్సిన పని లేదు. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ దేశవ్యాప్తంగా దీపపు ఎరల లెక్కలను సమన్వయం చేస్తుంది. మార్టేరు పరిశోధన స్థానం వరి పురుగుల మీద నిఘా పెడుతూ వస్తోంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1970ల నుంచే శనగపచ్చ పురుగు కోసం దీపపు ఎరలు వెలిగించింది. ఈ రిజిస్టర్లలో ప్రధానంగా నమోదయ్యేది పంట పురుగులే. కాండం తొలిచే పురుగు ఎన్ని, పచ్చదోమ ఎన్ని అని రాసుకుంటారు. అదే రాత్రి అదే సీసాలో పడిన పేడపురుగు, తూనీగ, పేరు తెలియని రెక్కపురుగు ఏ పద్దులోకీ రావు. ఇంగ్లండ్‌లోని రోథంస్టెడ్ కూడా వ్యవసాయ పరిశోధన కేంద్రమే. 1968 నుంచి అక్కడి దీపపు ఎరల వ్యవస్థ పంటకు సంబంధం ఉన్నా లేకున్నా పెద్ద రెక్కపురుగులన్నిటినీ లెక్కపెట్టింది. అందుకే యాభై ఏళ్లలో అవి మూడో వంతు తగ్గాయని బ్రిటన్ ఈరోజు కచ్చితంగా చెప్పగలుగుతోంది.

రెండు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఈ ఖరీఫ్ నుంచే తమ పరిశోధన స్థానాలకు ఒక ఉత్తర్వు ఇవ్వాలి. దీపపు ఎరలో పడిన పంట పురుగులను ఎప్పటిలాగే లెక్కపెట్టండి, మిగిలినవాటిని పారబోసే ముందు తూచి, తేదీ వేసి రాయండి, ఏడాదికోసారి ఆ అంకెలను అందరికీ కనిపించేలా పెట్టండి అని. ఏ దీపం వాడారో, ఎప్పుడు మార్చారో కూడా పక్కన రాయాలి, లేకుంటే ఎల్ఈడీ గందరగోళం ఇక్కడా తలెత్తుతుంది. దీపాలు, ఎరలు, సిబ్బంది ఇప్పటికే ఉన్నారు. అదనంగా కొనాల్సింది ఒక చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, ఒక రిజిస్టరు.