సంఘపు కంప్యూటరు: ఖర్చు దేనికి పెట్టవలెను?

మన చేనేత సహకార సంఘములలో చాలవాటికి నేడు డిజైను గది యొకటి ఉన్నది. అందులో ఒక కంప్యూటరు ఉన్నది. ఏడెనిమిదేండ్ల క్రిందట కొన్నది. ఇప్పుడు నెమ్మదించినది. కొంగు డిజైను తెరవవలెనన్న, బల్ల ముందున్న పిల్లవాడు వీధిలోనికి పోయి టీ త్రాగి వచ్చునంత సేపు పట్టుచున్నది. కార్యవర్గ సమావేశములో ఈ మాట వచ్చినపుడెల్ల ఒకరు "క్రొత్తది కొందము" అందురు. మరియొకరు "మగ్గములకు నూలు చాలకున్నప్పుడు దీనికా డబ్బు?" అందురు. ఇద్దరి మాటలోను సగము నిజమున్నది. చాలచోట్ల క్రొత్త యంత్రము అక్కరలేదనియు, పాతదానిలో రెండు మూడు భాగములు మార్చిన చాలుననియు మా అభిప్రాయము. అయితే ఏ భాగములన్నది అమ్ముకొనువాడు చెప్పరాదు, మనమే తేల్చుకొనవలెను.

ఇదియేమి పెద్ద విషయమని కొందరు పెద్దలు అడుగవచ్చును. కంప్యూటరు నడవనపుడు డిజైను పని బయటకు పోవును. బయటి మాస్టరు డిజైనుకింత అని పుచ్చుకొనును. ఫైలు మాత్రము తన దగ్గరనే ఉంచుకొనును. అంచు మనది, బుటా మనది, మన తాతలు గ్రాఫు కాగితముపై గళ్ళు నింపి గీచినది. అదే అంచు రెండు నెలలకు మరమగ్గముల చీరపై సంతలో కనబడుచున్నది. షోలాపురము చద్దరు నేయువారికైనను, బరంపురము పట్టు నేయువారికైనను, సేలము, మొలకాల్మూరులలోని మనవారికైనను ఈ బాధ క్రొత్త కాదు. గడప దాటిపోయిన డిజైను తిరిగి రాదు. మన పిల్లలు మన గదిలోనే కూర్చుండి గీయగలిగినంత కాలమే అది మన చేతిలో ఉండును. కంప్యూటరు ఖర్చును ఈ లెక్కలో చూడవలెను గాని, ఆడంబరపు ఖర్చుగా చూడరాదు. ఆడంబరము కాకూడదు గనుకనే ఎన్నిక జాగ్రత్తగా చేయవలెను.

ఆ మధ్య మేము ఒక దుకాణమువానిని ధరల పట్టీ అడిగితిమి. డిజైను పని అనగానే అతడు వ్రాసి ఇచ్చిన పట్టీలో సగము సొమ్ము ఒక్క గ్రాఫిక్సు కార్డుకే పోయినది. పెట్టెకు అద్దపు తలుపు, లోపల రంగురంగుల దీపములు. మానిటరు మాత్రము అతి చౌకది. మెమరీ ఎంతయని అడిగినగాని చెప్పలేదు. ఆ పెట్టె ఆటలాడు కుర్రవారికి తగినది. రంగు చూచి నూలుకు అద్దకము చెప్పవలసిన మనకు పనికిరాదు. మేము పట్టీని తిరిగి ఇచ్చి వచ్చితిమి.

మగ్గము సాగనపుడు మనమేమి చేయుదుము? క్రొత్త మగ్గము కొనము. నాడె తట్టుకొనుచున్నదా, పన్నె అరిగినదా, పడుగు బిగువు తప్పినదా అని చూతుము. కంప్యూటరుకును అంతే. డిజైను గదిలో అతిపెద్ద ఫైలును తెరచి, కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అను మూడు మీటలను ఒక్కసారి నొక్కిన టాస్కు మేనేజరు అను పట్టిక వచ్చును. అందులో మెమరీ ఎంత నిండినది, డిస్కు ఎంత పని చేయుచున్నది, ప్రాసెసరు ఎంత పని చేయుచున్నది నూటికింత చొప్పున కనబడును. మెమరీ తొంబది దాటిన లోపము మెమరీది. డిస్కు నూరు వద్ద నిలిచిపోయిన లోపము డిస్కుది. ఈ పది నిమిషముల పరీక్ష చేయకుండ ఏ సంఘమును దుకాణమునకు పోవలదు.

మన పని రెండు విధములు. ఆ రెంటి బరువు ఒకటి కాదు. మొదటిది జకార్డు పని. 240 హుక్కుల జకార్డుపై 480 పేకల బుటా తీసికొందము. హుక్కొకటికి ఒక నిలువు వరుస, పేకకొక అడ్డు వరుస. మొత్తము 1,15,200 గళ్ళు. ప్రతి గడికి హుక్కు లేచుటయో, లేవకుండుటయో రెండే మాటలు. కంప్యూటరుకు ఇది పదునాలుగు వేల పైచిలుకు బైట్లు మాత్రమే. ఫోనులో తీసిన ఒక్క ఫోటోలో నూరవ వంతు కూడ కాదు. ఎంత పాత కంప్యూటరైనను దీనిని ఇట్టే మోయును. ఆ మాటకు వచ్చిన, 1804లో జకార్డు తయారుచేసిన మగ్గపు అట్టలను చూచియే ఇంగ్లాండులో చార్లెస్ బాబేజి తన లెక్కల యంత్రమునకు చిల్లుల అట్టలు వాడదలచెను. ఈ విద్యకు మనము పరాయివారము కాము.

రెండవది రంగుల పని. కొంగు నమూనాను స్కాను చేసి, రంగులు మార్చి, కొనుగోలుదారుకు చూపుట. 45 అంగుళముల వెడల్పు, 36 అంగుళముల పొడవు గల కొంగును అంగుళమునకు 300 చుక్కల చొప్పున తీసిన 13,500 అడ్డు, 10,800 నిలువు, అనగా 14 కోట్ల 58 లక్షల చుక్కలు. చుక్కకు మూడు బైట్ల చొప్పున సుమారు 437 మెగాబైట్లు. అంచు ఒక పొర, బుటాలు ఒక పొర, నేల ఒక పొర, జరీ ఒక పొర అని నాలుగు పొరలు వేసిన ఒకటిన్నర గిగాబైట్లు దాటును. వెనుకకు మరలుటకు కంప్యూటరు దాచుకొను నకళ్ళు వేరు. 8 గిగాబైట్ల మెమరీలో విండోస్ తన వాటా తీసికొనగా మిగిలినది దీనికి చాలదు. చాలనపుడు కంప్యూటరు డిస్కును మెమరీగా వాడుకొనును. పాత హార్డు డిస్కు నత్తనడక నడచును. పిల్లవాడు టీకి పోవుట అందువలననే.

కావున మొదట డిస్కు. తిరుగు హార్డు డిస్కు సెకనుకు నూరు, నూటయేబది మెగాబైట్లు చదువును. సాటా విధమైన ఎస్.ఎస్.డి. సుమారు 550 చదువును. ఎన్.వి.ఎం.ఇ. అనునది మూడు వేలు దాటును గాని, దానికి బోర్డుపై ఎం.2 అను తావు ఉండవలెను. లేనిచో సాటాదే తీసికొనవచ్చును. హార్డు డిస్కునుండి దీనికి మారినపుడు కనబడునంత తేడా మరి యే మార్పులోను కనబడదు.

తరువాత మెమరీ. 16 గిగాబైట్లు మనకు సరిపోవును. రంగుల పని ఎక్కువగా నున్న సంఘమునకు 32 అయిన నిశ్చింత. ఫోటోషాపువారు కూడ కనీసము 8, తగినది 16 అని చెప్పుచున్నారు. డి.డి.ఆర్.3, 4, 5 అను మూడు రకములలో ఒకటి మరియొకదాని గాడిలో పట్టదు. బోర్డు పేరు చూచి కొనవలెను. ఒక పెద్ద ముక్క కంటె సమానమైన రెండు ముక్కలు జతగా వేయుట మేలు. 2025 చివరి నెలలనుండి మెమరీ ధరలు విపరీతముగా పెరిగినవి. కృత్రిమ మేధ కొరకు మహా కంప్యూటరు కేంద్రములు కట్టుచున్న కంపెనీలు చిప్పులను ఎత్తుకొనిపోవుటయే కారణము. పెద్దవారు నూలును ముందే ఎత్తివేసినపుడు మన చిలప నూలుకు పట్టెడి గతియే ఇదియును. కావున అవసరమునకు మించి కొనవలదు. నమ్మకమైనచోట పరీక్షించి ఇచ్చిన పాత మెమరీ కొనుటలో తప్పు లేదు; అరుగుటకు అందులో కదలు భాగము లేదు.

ఇక మానిటరు. దీనిని గురించి మన సంఘములలో ఎవరును మాటలాడరు. మాకు అన్నిటికంటె ఇదియే ముఖ్యముగా తోచును. డిస్కు నెమ్మదైన కాలము పోవును. తెర అబద్ధమాడిన పడుగు పోవును. తెరపై కుంకుమ రంగుగా కనబడినది అద్దకమువాని కుండలో వంకాయ రంగై వచ్చిన ఆ పట్టును ఏమి చేయుదుము? అమ్మినవాడు తీసికొనడు, కోరినవాడు ఒప్పుకొనడు. నేతగాని కూలి, సంఘపు పట్టు రెండును నష్టమే. చౌక మానిటర్లలో కొన్నిటికి టి.ఎన్. అను పలక ఉండును. తల కొంచెము ఎత్తిన ఒక రంగు, దించిన ఒక రంగు. ఐ.పి.ఎస్. పలక కావలెనని గట్టిగా అడుగవలెను. ఎస్.ఆర్.జి.బి. రంగులలో నూటికి నూరు, లేదా తొంబదితొమ్మిది పాళ్ళు చూపునని పెట్టెపై వ్రాసియుండవలెను. 24 అంగుళములది చాలును. దుకాణమునకు పోవునపుడు మన నెమలికంఠపు చీర ఫోటోను పెన్ డ్రైవులోను, ఆ చీర ముక్కనే సంచిలోను తీసికొనిపోయి, తెరపై తెరచి ప్రక్కనుండియు పైనుండియు చూడవలెను. ఆ పరీక్షకు ఒప్పుకొనని దుకాణములో కొనవలదు. తెచ్చిన తరువాత రంగు వేడిమిని 6500కు నిలిపి, కిటికీ ఎండ తెరపై పడకుండ బల్ల వేయవలెను. ఇంత చేసినను అద్దకమునకు నూలు ముక్క చూపి పగటి వెలుతురులో పోల్చుట మానరాదు. జరీ మెరుపును ఏ తెరయు చూపజాలదు.

కరెంటు సంగతి చెప్పకుండ విడువరాదు. పేరులేని పవరు సప్లయి పెట్టెపై ఎన్ని వాట్లని వ్రాసినను నమ్మవలదు. అది కాలినపుడు తనతోపాటు బోర్డును కూడ కాల్చవచ్చును. మంచి కంపెనీది, 80 ప్లస్ గుర్తు గలది తీసికొని, యు.పి.ఎస్. జతచేయవలెను.

గ్రాఫిక్సు కార్డు కావలెనని పిల్లలు అడుగుట మాకు తెలియును. మనిషి బొమ్మకు చీర కట్టి తిప్పి చూపు త్రీడీ పనికిని, వీడియో పనికిని, కంప్యూటరు చేతనే బొమ్మలు పుట్టించు క్రొత్త పనికిని అది నిజముగా కావలెను. ఆ పని రోజూ ఉన్న సంఘము కొనవచ్చును. మన గళ్ళ పనికి, పొరల పనికి ప్రాసెసరులో ఉన్న గ్రాఫిక్సే చాలును. కొత్త మోజు పేరుతో పిల్లల మాట కొట్టివేయుట మా ఉద్దేశము కాదు. ఆ సొమ్ములో కొంత పెట్టి, చేతితో గీచుటకు ఒక పెన్ టాబ్లెట్ కొని ఇచ్చిన వారి చేతిలోని మామిడి పిందెకు మౌసుతో రాని వంపు వచ్చును.

ప్రాసెసరు మార్చవలసి వచ్చు సందర్భము ఒకటి ఉన్నది. విండోస్ 10కు సామాన్య భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో నిలిచిపోయినవి. విండోస్ 11 అధికారికముగా ఎక్కవలెనన్న టి.పి.ఎం. 2.0 కావలెను, ఇంటెల్ అయిన సాధారణముగా ఎనిమిదవ తరము, రైజెన్ అయిన 2000 వరుస, లేదా అంతకు తరువాతివి కావలెను. రైజెన్ ఏ.ఎం.4 బోర్డు ఉన్నవారు అదృష్టవంతులు. బయోస్ సవరించుకొని చాలవాటిలో 5000 వరుస ప్రాసెసరు వేసికొనవచ్చును. అంతకు పాత ఇంటెల్ అయిన బోర్డు, ప్రాసెసరు రెండును, క్రొత్త బోర్డుకు పాత మెమరీ సరిపడనిచో మెమరీని కూడ మార్చవలెను. అప్పుడు మాత్రము క్రొత్తది కొందమన్నవారి మాట నెగ్గును. సొమ్ము లేని సంఘము లినక్సు వేసికొని, వెల లేని గింప్, ఇంక్‌స్కేప్‌లతో పని సాగించవచ్చును. కాని జకార్డు సాఫ్టువేరు లినక్సుపై నడచునో లేదో ముందు అమ్మినవారిని అడుగవలెను. దానికి డాంగిలు అను తాళపుచెవి ఉన్నచో, బోర్డు మార్చిన తరువాత అది పనిచేయునని కాగితముపై వ్రాయించుకొనవలెను.

బిల్లులో "కంప్యూటరు ఒకటి" అని వ్రాయనీయవలదు. భాగమొకటికి ఒక పంక్తి, దాని పేరు, నంబరు, వారంటీ ఏండ్లు ఉండవలెను. ఆడిటరుకును అదియే కావలెను. తీసివేసిన పాత హార్డు డిస్కును తూకమునకు వేయవలదు. దానిని ఒక పెట్టెలో బిగించి, డిజైను ఫైళ్ళన్నిటిని నెలకొకసారి అందులోనికి ఎక్కించి, సంఘపు గదిలో కాక అధ్యక్షుని ఇంటి బీరువాలో ఉంచవలెను.