ప్రయాణానికి ఒక్క లెన్సు: ఏది ఎంచుకోవాలి?

మీరు ప్రయాణానికి సిద్ధమవుతున్నారు అనుకుందాం. సంచిలో రెండు జతల బట్టలు, మంచినీళ్ల సీసా, దారిలో తినడానికి పులిహోర సర్దుకున్నారు. ఒక కెమెరా కూడా ఉంది. దానికి బిగించే లెన్సు మాత్రం ఒక్కటే తీసుకువెళ్లగలరు. ఏది తీసుకువెళతారు?

దుకాణంలో ఈ మాట అడిగితే చాలాసార్లు ఒకే జవాబు వస్తుంది: "ఎంత దూరాన ఉన్నదైనా దగ్గరగా కనిపించేది తీసుకోండి. మూడు వందల దాకా వెళ్లే జూమ్ ఉంటే ఇక దేనికీ లోటుండదు." ఈ సలహాతో నేను ఏకీభవించను. మీరు నా మాటే నమ్మాలని లేదు. కాని పదివేలల్లో ఖర్చు పెట్టబోయే ముందు రెండో పక్షం కూడా వినడం మంచిది కదా!

ముందు ఒక మాట తెలుసుకోవాలి. లెన్సు మీద 18, 55, 135, 300 అని మిల్లీమీటర్లలో కనిపించే సంఖ్యలు దాని నాభ్యంతరాన్ని తెలుపుతాయి. విజ్ఞానశాస్త్ర పాఠంలో కటకాల గురించి చదివినప్పుడు ఈ మాట మీకు ఎదురై ఉంటుంది. సంఖ్య చిన్నదైతే ఎక్కువ దృశ్యం ఫొటోలో పడుతుంది. పెద్దదైతే కొద్ది భాగమే పెద్దగా కనిపిస్తుంది. రెండు సంఖ్యల మధ్య ఎక్కడైనా మార్చుకోగలిగే లెన్సు జూమ్ లెన్సు. మామూలు కెమెరాలకు ఇలాంటి లెన్సు మొదట 1959లో వచ్చింది. ఫోక్ట్‌లెండర్ కంపెనీ అమ్మిన ఆ 'జూమార్' 36 నుంచి 82 మిల్లీమీటర్ల వరకు వెళ్లేది. 1992లో టామ్రాన్ కంపెనీ 28-200 లెన్సు తెచ్చింది. ప్రయాణానికి ఒక్క లెన్సు చాలు అన్న ఆలోచన సామాన్యుల దాకా చేరింది ఆ తరువాతే. 2017లో అదే కంపెనీ 18-400 కూడా తెచ్చింది. అంటే పోటీ అంతా పెద్ద సంఖ్య వైపే సాగింది. మన అవసరం కూడా అటే సాగిందా?

దీన్ని ఊహలో కాక ఒక ఊరిలో నిలబడి చూద్దాం. పశ్చిమ బెంగాల్‌లో హౌరా నుంచి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఖరగ్‌పూర్ ఉంది. అది రైల్వే పట్టణం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో అక్కడ పెద్ద వర్క్‌షాపు వెలిసింది. ఆ రైల్వేలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు వెళ్లి స్థిరపడ్డాయి. వారి మనుమలు, మునిమనుమలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, హిందీ. సెలవులు వస్తే బాలాసోర్, కటక్, బరంపురం, పలాస మీదుగా సొంతూరికి ప్రయాణం. అటువంటి ఇంటి వారు మీరే అనుకోండి. ఏమేమి ఫొటోలు తీస్తారు?

బయలుదేరే చోటు ఖరగ్‌పూర్ స్టేషనే. దాని ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా చాలాకాలం పేరు పొందింది. 2013లో గోరఖ్‌పూర్‌లో 1366 మీటర్లది, 2023లో హుబ్బళ్లిలో 1507 మీటర్లది వచ్చి ఆ పేరు తీసుకున్నాయి. ఇంత పొడవైన ప్లాట్‌ఫారాన్ని తీయాలంటే ఎంతో పెద్ద లెన్సు కావాలి అని మీకు తోచవచ్చు. ఒక చిన్న లెక్క వేద్దాం. ఎక్కువమంది దగ్గర ఉండే మధ్యరకం డిజిటల్ కెమెరాల్లో బొమ్మ పడే పలక, అంటే సెన్సర్, వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఎక్స్‌ప్రెస్ రైళ్లకు ఉండే ఎల్.హెచ్.బి. బోగీ పొడవు సుమారు 23.5 మీటర్లు. అంకెలు ఒకటే కావడం కేవలం కాకతాళీయం. కాని దానివల్ల లెక్క ఎంత తేలికైందో చూడండి. ఒక బోగీ అడ్డంగా పూర్తిగా ఫొటోలో పట్టాలంటే 18 మిల్లీమీటర్ల లెన్సుతో 18 మీటర్ల దూరంలో నిలబడాలి. 55తో 55 మీటర్లు. 135తో 135 మీటర్లు. 300తో 300 మీటర్లు! స్టేషనులో ఒక బోగీకి ఎదురుగా 300 మీటర్లు ఖాళీగా ఎక్కడ దొరుకుతుంది? మధ్యలో ఎన్ని పట్టాలు, స్తంభాలు, టీ బండ్లు!

పట్టాల మీదకు దిగి వెనక్కి నడుద్దామని మాత్రం అనుకోకండి. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అది నేరం. ఆరు నెలల వరకు జైలు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. శిక్ష మాట అటుంచి, ప్రాణం మాట ఆలోచించండి. వర్క్‌షాపు లోపల తీయాలంటే ముందుగా అనుమతి కావాలి.

స్టేషనులో ఇంకొక సంగతి ఉంది. ప్లాట్‌ఫారం మీద మీ నాన్నగారిని నిలబెట్టి నిలువెత్తున తీయాలి. 18 దగ్గర పెడితే ఆయనకు సుమారు రెండున్నర మీటర్ల దూరంలో నిలబడితే చాలు. అప్పుడు ఆయన వెనుక ప్లాట్‌ఫారం సన్నని గీతలా దూరంగా సాగిపోతుంది. 135 దగ్గర పెడితే దాదాపు పదిహేడు మీటర్లు వెనక్కి వెళ్లాలి. అప్పుడు వెనుక ఉన్న స్తంభాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు దగ్గరగా కనిపిస్తాయి. నాన్నగారు రెండింటిలోనూ అంతే పొడవు ఉంటారు. వెనుక ఉన్నది మారిపోతుంది. ఈ మార్పు తెచ్చేది నిజానికి లెన్సు కాదు, మీరు నిలబడిన దూరం. చాలామంది జూమ్ ఉన్నది నడక తప్పించుకోవడానికే అనుకుంటారు. నడిచి చోటు ఎంచుకున్న తరువాత జూమ్ తిప్పితేనే దాని ప్రయోజనం పూర్తిగా దక్కుతుంది.

రైలు కదిలింది. ఒడిశాలో బాలుగావ్, రంభ దగ్గర చిలకా సరస్సు కిటికీలోంచి కనిపిస్తుంది. దానికి కావలసింది పెద్ద సంఖ్య కాదు. రైలు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు కదులుతుంది. సెకనులో వెయ్యో వంతు సమయంలో కూడా దాదాపు 3 సెంటీమీటర్లు జరుగుతుంది. దూరపు కొండలకు ఈ కదలిక పట్టదు. పట్టాల పక్కన ఉన్న చెట్లు మాత్రం చెరిగిపోతాయి. నాభ్యంతరం పెంచినకొద్దీ ఈ చెరుపు కూడా పెద్దదవుతుంది.

ఊరు చేరాక శ్రీముఖలింగం వెళతారు. గుడి గోడల మీద శిల్పాలు ఎత్తుగా ఉన్నప్పుడు 55 సరిపోదు. ఇక్కడ 135 ఎంతో ఉపయోగపడుతుంది. ఇరవై మీటర్ల దూరం నుంచి మూడున్నర మీటర్ల వెడల్పు గల భాగాన్ని నిండుగా పట్టవచ్చు. అందుకే 18-135 గాని, 18-140 గాని చాలు అంటున్నాను. ప్రయాణంలో మనం తీసే వాటిలో చాలా భాగం ఆ హద్దుల్లోనే ఉంటాయి.

"మరి పక్షుల సంగతేమిటి?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. వంద మీటర్ల దూరంలోని చెట్టు మీద పక్షిని 135తో తీస్తే ఫొటోలో సుమారు 17 మీటర్ల వెడల్పు దృశ్యం పడుతుంది. అందులో పక్షి చిన్న చుక్క. 300తో తీసినా దాదాపు 8 మీటర్లు పడుతుంది. పక్షి అప్పుడు కూడా చిన్నదే. అందువల్ల పక్షులే మీకు ముఖ్యమైతే అన్నింటికీ పనికివచ్చే లెన్సు ఆలోచనే మానుకోండి. దానికి వేరే లెన్సు ఉంది, వేరే ఓపిక కావాలి.

ఇక వెలుగు. నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. లెన్సు మీద ఎఫ్/3.5-5.6 అని గాని, 3.5-6.3 అని గాని రాసి ఉంటుంది. ఇది వెలుగు లోపలికి వచ్చే ద్వారం కొలత. సంఖ్య పెరిగితే ద్వారం చిన్నదవుతుంది. మొదట్లో ఇది అందరినీ తికమక పెడుతుంది. భిన్నాలు గుర్తు చేసుకోండి: మూడో వంతు కంటే ఆరో వంతు చిన్నది కదా! ఎఫ్/3.5 దగ్గర వచ్చే వెలుగులో ఎఫ్/6.3 దగ్గర మూడో వంతు కన్నా తక్కువే వస్తుంది. జూమ్‌ను చివరికి తిప్పితే ఈ చిన్న ద్వారమే మిగులుతుంది. పైగా నాభ్యంతరం పెరిగినప్పుడు చెయ్యి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. కాబట్టి మీరు ఎక్కువ డబ్బు పెట్టి కొన్న ఆ 300 మంచి ఎండలోనే బాగా పనిచేస్తుంది. సాయంత్రం గోల్‌బజార్‌లో, దసరా రాత్రి రావణ దహనంలో, ఊళ్లో మామ్మ కూర్చున్న వసారాలో దానికి పని తక్కువ. వణుకు తగ్గించే ఏర్పాటు లెన్సులోనే ఉంటుందని దుకాణదారు చెబుతాడు. నిజమే. కాని అది మీ చెయ్యి వణుకును ఆపుతుంది. పరుగెత్తే పిల్లవాడిని ఆపలేదు.

మామ్మ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఊరికి వెళ్లినవాళ్లు గుడి, కొండ, సముద్రం తీసుకుని వస్తారు. పదేళ్ల తరువాత ఇంట్లోవాళ్లు వెతికేది మామ్మ ఫొటో కోసం. అప్పటికి ఆమె ఉండకపోవచ్చు. ఆమె కూర్చునే గది మూడు మీటర్ల వెడల్పు ఉంటుంది. అక్కడ 18 దగ్గర పెట్టి, ఎఫ్/3.5తో, కిటికీ పక్కన కూర్చోబెట్టి ఇంటిల్లిపాదినీ తీయండి. తరువాత 50 దాకా తిప్పి ఆమె ముఖం ఒక్కటే తీయండి. 18తో ముఖానికి మరీ దగ్గరగా వెళితే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. ఆమె ఆ ఫొటో చూసి నవ్వదు.

మూడు వందల లెన్సు మీద నాకు ఇంకొక అభ్యంతరం కూడా ఉంది. అది దూరం నుంచి, అవతలివారికి తెలియకుండా మనుషులను తీయడం నేర్పుతుంది. ప్లాట్‌ఫారం మీద కునుకు తీస్తున్న కూలీని, కొళాయి దగ్గర స్నానం చేస్తున్నవారిని అలా తీయడం మర్యాద కాదు. 135 వరకే ఉంటే దగ్గరకు వెళ్లాలి. "బాబాయ్, ఒక ఫొటో తీసుకోనా?" అని అడగాలి. ఆయన వద్దంటే ఊరుకోవాలి. సరే అంటే మాత్రం ఆ ముఖంలో మీ కోసం ఒక చూపు ఉంటుంది.

"లెన్సులు రెండు పెట్టుకుంటే సరిపోదా?" అంటారు కొందరు. ఇంట్లో ఉన్నప్పుడు సరిపోతుంది. రైలు ప్రయాణంలో లెన్సు విప్పి మార్చిన ప్రతిసారీ దుమ్ము లోపలికి చేరుతుంది. ఇనుప రజను ఎగిరే రైల్వే యార్డుల పక్కన సంగతి చెప్పనే అక్కరలేదు. ఇక తేమ. బెంగాల్ వానాకాలంలో లెన్సు లోపల బూజు పడుతుంది. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం మంచిది కాదు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. వారానికి ఒకసారైనా బయటకు తీసి వాడండి.

"చేతిలో ఫోను ఉండగా ఈ గొడవంతా ఎందుకు?" అని ఇంకొందరు. పగటి వెలుగులో ఇంటిల్లిపాదినీ తీయడానికి మంచి ఫోను చాలు. ఆ మాట ఒప్పుకుంటాను. అప్పు చేసి కెమెరా కొనమని నేను ఎవరికీ చెప్పను. గుడి మీద శిల్పం, స్టేషనులో పదిహేడు మీటర్ల దూరం నుంచి నాన్నగారు, ఇలాంటివి మీకు కావాలనిపిస్తేనే లెన్సు గురించి ఆలోచించండి.

పాత లెన్సు తక్కువ ధరకు వస్తోందని ఆశపడేవారు ఒక విషయం చూసుకోవాలి. ఫిల్ము కెమెరాల కాలపు 28-200ను నేను పైన చెప్పిన మధ్యరకం డిజిటల్ కెమెరాకు తగిలిస్తే, పలక చిన్నది కావడం వల్ల అది పాత లెక్కలో 42-300 లాగా పనిచేస్తుంది. దూరం పెరిగింది, మంచిదే కదా అనుకుంటాం. కాని మామ్మ గది మొత్తం ఇక ఫొటోలో పట్టదు. కొనే ముందు లెన్సులోంచి బల్బు వైపు చూడండి. సాలెగూడు లాంటి తెల్లని పోగులు కనిపిస్తే అది బూజు. తిరిగి ఇచ్చేయండి.

కెమెరాతో పాటు వచ్చిన 18-55 మీ దగ్గర ఉందా? అయితే ఈసారికి ఏమీ కొనకండి. దానితోనే ఊరికి వెళ్లి రండి. డిజిటల్ ఫొటో ప్రతిదానిలోనూ ఏ నాభ్యంతరం దగ్గర తీశారో నమోదై ఉంటుంది. వచ్చాక ఒక కాగితం తీసుకుని, మీకు నచ్చిన ఇరవై ఫొటోల సంఖ్యలు వరుసగా రాయండి. పదిహేను దాకా 18కీ 35కీ మధ్యే ఉంటే మీకు కొత్త లెన్సు అక్కరలేదు. చాలావరకు 55 దగ్గరే ఆగిపోయి, ఇంకా దగ్గరకు రావలసింది అని ప్రతిసారీ అనిపించి ఉంటే, ఆ కాగితం పట్టుకుని దుకాణానికి వెళ్లి 18-135 చూపించమనండి.