తాళంచెవి ఇచ్చిన తర్వాత

అప్పు ఇచ్చినవాడికున్న జ్ఞాపకశక్తి పుచ్చుకున్నవాడికి ఉండదంటారు. సరుకు అమ్మినవాడి గతీ అంతేనని ఈ వేసవిలో మాకు బోధపడింది.

మావారు ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. పదకొండేళ్లుగా ఇంట్లో మనిషిలా మసలిన కారును అమ్మేద్దామన్నారు. విశాఖ సముద్రపుగాలి సంగతి తెలిసిందేగా, తలుపుల అడుగున తుప్పు మొదలైంది. అమ్మాయి కాలేజీ ఫీజుకు అక్కరకొస్తుందని నేనూ సరేనన్నాను. పాతకార్ల వ్యాపారి ఒకాయన వచ్చి, బండి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, రెండు లక్షల పదివేలకు బేరం కుదుర్చుకున్నాడు. పదివేలు చేతిలో పెట్టి, "మిగతాది మూడు రోజుల్లో మీ ఖాతాలో పడుతుందండీ" అన్నాడు. మాట మెత్తన. నేను కాఫీ కూడా ఇచ్చాను. మావారు తాళంచెవులు రెండూ, ఆర్‌.సి., తేదీ వెయ్యకుండా సంతకం చేసిన 29, 30 నమూనా కాగితాలూ అప్పగించేశారు.

మూడు రోజులు మూడు వారాలయ్యాయి. ఫోను చేస్తే మొదట "రేపండీ", తర్వాత "బ్యాంకులో ఏదో చిక్కండీ", ఆ తర్వాత "బండి అమ్ముడుపోగానే ఇచ్చేస్తానండీ!" అంటే మన కారును మన చేతే అరువిప్పించి కొన్నాడన్నమాట!

ఫీజు గడువు ముంచుకొచ్చింది. నా గాజులు బ్యాంకులో పెట్టి కట్టాం. ఇంతలో ఒక రాత్రి మావారి ఫోనుకు కబురొచ్చింది. ఎన్‌.ఎ.డి. కూడలి దగ్గర మా కారు అతివేగంగా పోయిందట, జరిమానా కట్టాలట. నడిపిందెవరో మాకు తెలియదు. జరిమానా మాత్రం మా పేర!

పక్కింటి బాబాయిగారు రేవులో సరుకులు విడిపించే ఏజెంటు దగ్గర ముప్పయ్యేళ్లు పనిచేశారు. సంగతి విని మావారిని నిలదీశారు.

"ఏమయ్యా, ఓడ దిగిన సరుకును కాగితం చూపకుండా ఎవరికైనా ఇస్తారా? డబ్బు కడితే గాని ఆ కాగితం బ్యాంకు చేతికివ్వని పద్ధతి ఒకటుంది. ముఖం ఎరగని పరదేశీయులు వ్యాపారం చేసుకునేది అలాగే. రేవున్న ఊళ్లో ఉండి, సరుకూ కాగితమూ రెండూ ఇచ్చి డబ్బు కోసం కూర్చున్నావా?"

ఆయన చెప్పినవీ, నేను విచారించి తెలుసుకున్నవీ మీకూ చెబుతాను. అరువుకు ఒప్పుకోనంతవరకు, పూర్తి సొమ్ము ముట్టేదాకా సరుకును తన దగ్గర ఉంచుకునే హక్కు 1930 నాటి వస్తు విక్రయ చట్టం అమ్మినవాడికి ఇచ్చింది. చేతులారా అప్పగించాక ఆ హక్కు పోతుంది. ఇక బాకీకి దావా వెయ్యాలి, అదీ మూడేళ్లలోగా. చెక్కు ఇచ్చి అది తిరిగొస్తే, ఆ సంగతి తెలిసిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. ఆపైన 15 రోజుల్లో సొమ్ము రాకపోతే, నెలలోగా కోర్టులో ఫిర్యాదు చెయ్యాలి.

డబ్బుకంటె పెద్ద భయం మరొకటుంది. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్‌ల కేసులో సుప్రీంకోర్టు ఒక సంగతి తేల్చింది. కారు ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషను ఎవరి పేర ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని. ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత వారిదే. ఇది తెలిసిన రాత్రి మాకు నిద్ర లేదు. ఎక్కడ ఏ పిల్లవాడికి తగిలిందో అని, ఫోను మోగితే గుండె ఝల్లుమనేది.

ఇందుకు విరుగుడుగానే 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. పాతబండ్ల వ్యాపారి రవాణాశాఖ నుంచి అనుమతిపత్రం పొందాలి. బండిని అతనికి అప్పగించినట్టు 29సి నమూనాలో తెలియపరిస్తే, అప్పటినుంచి యజమాని కింద అతనే లెక్క. మా వ్యాపారికి ఆ అనుమతిపత్రమే లేదు. అడిగితేగా తెలిసేది!

బాబాయిగారు దగ్గర కూర్చుని ఉత్తరం రాయించారు. బండి ఇచ్చిన తేదీ, రావలసిన సొమ్ము, పదిహేను రోజుల గడువు, గడువు దాటితే కోర్టు. అంతే, తిట్టు ఒక్కటీ లేదు. వ్యాపారి ఫోనులో పంపిన వాయిదా మాటలన్నీ అచ్చు తీసి జతచేసి, స్పీడ్‌పోస్టులో పంపాం. బండి ఫలానా రోజున ఫలానావారికి ఇచ్చామని రవాణా కార్యాలయానికీ రాశాం. నెల్లాళ్లు ఫోనులో బతిమాలితే కదలనివాడు ఆ కాగితానికి కదిలాడు. రెండు వాయిదాల్లో బాకీ తీర్చాడు. అప్పటికి యాభైరెండు రోజులు. గాజుల మీద వడ్డీ మాత్రం మాదే.

కారు అమ్మదలచిన సోదరీమణులారా, మీవారికి ఒక్కమాట చెప్పండి. తాళంచెవీ, కాగితమూ, సొమ్మూ ఒకే పూట చేతులు మారాలి. పేరు మారిందని కళ్లారా చూసేదాకా ఆ కారు మీదే అనుకోండి.

ఆఖరి వాయిదా తెచ్చిన రోజున అతనికి కాఫీ ఇచ్చావా అని మీరడగవచ్చు. ఇచ్చాను. డబ్బు ఖాతాలో పడిందని మావారు చెప్పాక!