వెజిటేబుల్ అంటే నవ్వేటోళ్లకు



ఈసారి ఒక్క మాట మీదనే రాస్తున్న. వెజిటేబుల్.

మొన్న హన్మకొండ హాస్టల్‌ల ఉండే ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. గ్రూప్ డిస్కషన్ ప్రాక్టీసుల రైతులకు గిట్టుబాటు ధర గురించి మాట్లాడుతూ వెజిటేబుల్స్ అన్నడట. ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్విన్రు. ఇగ ఆ పూటంతా వాడు నోరు తెరువలే.

డిక్షనరీల పలుకు దగ్గరదగ్గర వెజ్‌టబుల్. అందుల టేబుల్ వినబడదు, నిజమే. మరి మనోడు అట్లెందుకన్నడు? ఆ స్పెల్లింగ్ చివర ఉన్న ఐదు అక్షరాలు చిన్నప్పుడు బడిల సారు నేర్పిన టేబుల్‌వే. అక్షరాన్ని నమ్మినోడు అట్లనే చదువుతడు. ఇంట్ల ఫ్రిజ్ ముందట అమ్మ నోట విన్నోనికి ఆ తిప్పలే లేదు. ఎవరింట్ల ఇంగ్లిష్ మూడు తరాల కిందనే అడుగుపెట్టిందో, ఎవరి తాతను బడి గడప ఎక్కనియ్యలేదో మళ్ల చెప్పాల్నా? వాళ్లు నవ్వింది ఆ తాతను చూసి.

తమిళుల కరి ఇంగ్లిషోళ్ల నోట్ల కర్రీ అయింది. మాంగాయ పోర్చుగీసోళ్ల మీదుగ పోయి మ్యాంగో అయింది. మన ఓరుగల్లే పరాయి నోళ్లల్ల నలిగి వరంగల్ అయింది. ఎవరు నవ్విన్రు? టొమాటో అని బ్రిటిషోళ్లు, టొమేటో అని అమెరికనోళ్లు, రెండూ కరెక్టే. (మార్కెట్ల అక్క అనే టమాట బ్రిటిషోళ్లకే దగ్గర, అది వేరే ముచ్చట.) సెప్టెంబర్ 9న కాళోజీ పేరు మీద భాషా దినోత్సవం చేసి, స్టేజీ దిగంగనే పిల్లల యాసను వెక్కిరించేటోళ్లనూ చూసిన.

అట్లని "మన పలుకు మనకు చాలు" అనే అన్నలతోని నేను ఒప్పుకోను. సావిత్రిబాయి ఫూలే 1854లనే 'కావ్యఫూలే'ల ఇంగ్లిష్ నేర్చుకోమన్నది. మన పాపయ్యపేటల పుట్టిన కంచె ఐలయ్య ఎన్నేండ్ల సంది అదే మొత్తుకుంటుండు. నేర్చుకునుడంటే పలుకు కూడా. ఫోన్‌ల డిక్షనరీ తెరిచి స్పీకర్ గుర్తు నొక్కితే వినబడతది, పదిసార్లు అంటే నాలుకకు ఎక్కుతది. కంఫ్‌టబుల్‌లనూ ఇదే టేబుల్ మోసం, చూసుకోండ్రి.

వచ్చే ఆదివారం సాయంత్రం హన్మకొండల కూసుందాం. ఇసొంటి మాటలు రాసుకొని రాండ్రి. ఇంటర్వ్యూలు దగ్గరున్నోళ్లు నాకు ముందే మెసేజ్ పెట్టండ్రి, వాళ్లతోనే మొదలువెడదాం.